ఈ జాన్ ర్యాన్ కాదు, ఆ జాన్ ర్యాన్

పక్కింటి పెద్దాయన పూర్వీకుల వెతుకులాట నిన్న రాత్రికి ఒక కొలిక్కి వచ్చింది. మంట చల్లారకముందే రాసేస్తున్నా.

ఉద్యోగం కోసం ఐర్లండ్ వచ్చి, టిప్పరరీ కౌంటీలో ఒక టౌన్‌ల్యాండ్‌లో అద్దెకుంటున్నాం. పేరులో టౌన్ ఉంది కానీ ఉండేవి పొలాలు, కంచెలు, ఎక్కడో ఒక ఇల్లు. ఐర్లండ్ దీవి మొత్తంలో ఇలాంటివి 60,000కు పైనే. మాదాంట్లో తొమ్మిది గడపలు. 2015లో ఎయిర్‌కోడ్, అంటే ఇంటికొకటి చొప్పున పోస్టల్ కోడ్, వచ్చేదాకా ఇళ్లకు నంబర్లే లేవు. పక్కింటి పెద్దాయనకు ఎనభై దాటాయి. "మా ఇంటి గురించి పాత కాగితాల్లో ఏముందో చూస్తావా?" అన్నాడు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి, ఇదెంత పని అనుకున్నా.

1901, 1911 జనాభా లెక్కలు నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం. పది నిమిషాల పని. ఇవే కాగితాలకు నెలనెలా డబ్బు గుంజే సైట్లున్నాయి, నేను కట్టి ఏడ్చాను, మీరు కట్టకండి. అంతకుముందువి దాదాపు లేవు. 1821 నుంచి 1851 దాకా లెక్కల్లో చాలామటుకు 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే కోర్టుల భవనం మంటల్లో పోయాయి. 1861 నుంచి 1891 దాకావి ప్రభుత్వమే నాశనం చేసింది. కాబట్టి దిక్కు గ్రిఫిత్ వాల్యుయేషన్. 1847-64 మధ్య ఎవరి చేతిలో ఎంత భూమి, ఎవరి కింద కౌలు అన్నీ రాసిన పన్ను లెక్క. అందులో ప్రతి రైతుకూ 'ఆఫీసెస్' అని ఉంటే, అబ్బో ఇంటికో ఆఫీసా అని ఆశ్చర్యపోయా. పశువుల కొట్టాలట! కొలతలు మాత్రం నాకు తేలికే. ఎకరానికి 160 పెర్చ్‌లు, అంటే నాలుగు పెర్చ్‌లు మన ఒక గుంట. ఇక్కడివాళ్లకే నేను నేర్పించా.

అసలు పరువు పోయింది ఇక్కడ. 1911లో మా టౌన్‌ల్యాండ్‌లో జాన్ ర్యాన్‌లు ఇద్దరు. పెద్దాయన స్థలం గ్రిఫిత్ మ్యాపులో 4వ నంబరు. జనాభా లెక్కల్లో 4వ ఇంట్లోనూ ఒక జాన్ ర్యాన్ ఉన్నాడు. ఇంకేం కావాలి? వంశవృక్షం గీసి, ఫ్రేము కట్టించి, ఆదివారం ఆయన కూతుళ్లు వచ్చినప్పుడు పట్టుకెళ్లా, మా ఆవిడ చేసిన సున్నుండలతో సహా. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పేరు మీద వేలు పెట్టి చదివాడు. సగంలో వేలు ఆగింది.

"వీళ్లు మేం కాదు. రోడ్డవతలి వాళ్లు. మా నాన్న బతికున్నన్నాళ్లూ వాళ్లతో మాట్లాడలేదు."

ఒక కూతురు నవ్వాపుకోలేక కెటిల్ పెట్టే వంకతో లేచిపోయింది. ఫ్రేమును బోర్లా పెట్టారు. ఎటు చూడాలో తెలీక మూడు సున్నుండలు నేనే తినేశా.

తర్వాత తెలిసింది, జనాభా లెక్కల్లో ఇంటి నంబరు అడ్రసు కాదు. రాసుకున్న పోలీసు కానిస్టేబులు ఏ వరసలో తిరిగాడో ఆ వరస, అంతే. 1901లో ఒకటి, 1911లో ఇంకొకటి. ఈ ముక్క ముందు చెప్పిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. ఒక ఆఫీసుకు ఫోన్ చేసి అడిగితే "కరపత్రం చదువుకోండి" అన్నారు. చదివా. అందులోనూ లేదు.

మా కరీంనగర్ వైపు ఒకే ఇంటిపేరు వాళ్లు ఇరవై గడపలుంటే చింతకిందోళ్లు, బాయికాడోళ్లు అని విడదీస్తాం. టిప్పరరీ ర్యాన్‌లదీ అదే తంతు. గ్రిఫిత్‌లో పేరు పక్కన బ్రాకెట్లో తండ్రి పేరో, తెల్లగా ఉంటే 'బాన్' అనో రాశారు. దాన్ని పట్టుకుని డబ్లిన్ వెళ్లి క్యాన్సిల్డ్ బుక్స్, అంటే గ్రిఫిత్ తర్వాత భూమి చేతులు మారినప్పుడల్లా దిద్దిన పుస్తకాలు, తిరగేశా. పాత రైతు పేరు కొట్టేసి కొత్త పేరు రాస్తారు, ఏ ఏడాది మార్పుకు ఆ రంగు ఇంకు. ఎర్ర గీత, నీలం గీత, ఆకుపచ్చ గీత పట్టుకుని 4వ స్థలం నుంచి 1911 దాకా వచ్చేసరికి అసలు జాన్ దొరికాడు. ఆయన ఇంటికి ముందువైపు మూడు కిటికీలని 1911 జనాభా లెక్కల ఫారంలో ఉంది. పెద్దాయన పాత ఇల్లు ఇప్పుడు పశువుల కొట్టం. వెళ్లి లెక్కపెట్టా, మూడే.

నిన్న రాత్రి ఫారం చూపించా. 1911లో పెళ్లైన ఆడవాళ్లను ఎంతమంది పుట్టారు, ఎంతమంది బతికున్నారు అని అడిగారు. వాళ్ల నానమ్మ వరసలో తొమ్మిది, ఏడు అని ఉంది. ఆయన వేళ్ల మీద ఏడుగురి పేర్లూ చెప్పి ఆగాడు.

"ఇంకో ఇద్దరున్నారని మా నాన్న ఎప్పుడూ అనలేదే."

జనన మరణ రికార్డులు 1864 నుంచి ఉన్నాయి, రేపు వెతుకుతా. ఈసారి ఫ్రేము కట్టించను.