జులైలో శ్రీలంక: సొరంగానికి ఇవతల వాన, అవతల ఎండ

జులైలో మాకు బెంతోట బీచ్ రిసార్టు అంటగట్టిన ట్రావెల్ ఏజెంటు మీద కోపం ఇంకా పోలేదు. "శ్రీలంకకి ఎప్పుడెళ్లినా ఒకటే సార్, ఏడాదంతా బాగుంటుంది" అని డబ్బు కట్టించుకున్నాడు. తీరా దిగితే ఒడ్డు పొడవునా ఎర్రజెండాలు, సముద్రంలో కాలు పెట్టనివ్వరు, పొద్దున మొదలైన వాన మధ్యాహ్నం కాసేపు ఆగి మళ్లీ మొదలు. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు ఆ పడమటి తీరాన్నే కొడతాయి కాబట్టి అక్కడ అది ఆఫ్ సీజన్, గది అద్దెలు బాగా తగ్గుతాయి. మా దగ్గర మాత్రం సీజన్ రేటే వసూలు చేశారు. ఆ రోజుల గురించి ఇంక రాయను, చెప్పుకోడానికి ఏమీ లేదు.

చెప్పాల్సింది రైలు గురించి. ప్యాకేజీలో మిగిలింది వదిలేసి కొండల్లోకి వెళ్లిపోయాం. నానుఓయా నుంచి బదుల్లా వైపు వెళ్లే రైల్లో రిజర్వేషన్ సీట్లు ఎప్పుడో అయిపోయాయి, బ్లాకులో అడిగిన ధర వింటే కడుపు మండింది. థర్డ్ క్లాసు టికెట్టు తీసుకుని ఎక్కేశాం. బయట తేయాకు తోటలున్నాయని తెలుసు గానీ మంచు, వాన తప్ప ఏమీ కనపడలేదు. పెట్టెలో అందరి గొడుగుల్లోంచి నీళ్లు కారి కింద మడుగు. ఈ పడమటి వాలుల్లో కొన్నిచోట్ల ఏడాదికి 5,000 మిల్లీమీటర్ల పైనే వాన పడుతుంది. అదే దీవిలో మన్నారు వైపు అందులో ఐదో వంతు పడితే ఎక్కువ.

మా ఎదురుగా ఒక పెద్దావిడ కూర్చుంది. మా ఆవిడది సూళ్లూరుపేట, తమిళం బాగా వచ్చు, ఇద్దరూ మాటల్లో పడ్డారు. ఆమె తాతల్ని బ్రిటిష్ వాళ్లు తోటల పనికని తమిళనాడు నుంచి తీసుకొచ్చారట. తానూ చిన్నప్పటి నుంచి ఆకు కోసిందే. ఈ నెలల్లో తడుస్తూనే కోయాలి, కాళ్లకి జలగలు పట్టుకుంటాయి, ఇంట్లో బట్టలు ఆరవు, పొయ్యి మీద తీగ కట్టి ఆరేసుకోవాలి అని చెప్పింది. ఇప్పుడు హపుతలేలో కూతురి దగ్గరికి వెళ్తోంది. "అక్కడైతే పొద్దున ఆరేసిన చీర సాయంత్రానికి మడత పెట్టుకోవచ్చమ్మా" అంది. తడిసిన కిటికీ వైపు చూస్తూ నేను ఊరికే తలూపాను.

పట్టిపోల దగ్గర రైలు ఆగింది. శ్రీలంకలో ఇంతకన్నా ఎత్తులో రైల్వే స్టేషను లేదు, 1,900 మీటర్లకు కాస్త తక్కువ. చలికి మా ఆవిడ చున్నీ తలకి చుట్టుకుంది. బండి కదిలాక పెద్దావిడ నా మోకాలు తట్టి, "తంబీ, సొరంగం వస్తోంది, దాటగానే కిటికీ తెరువు" అంది. చీకట్లోకి వెళ్లాం, బయటికొచ్చాం. ఎండ! నిజంగా ఎండ. ఓహియా వైపు లోయ మొత్తం కిందిదాకా తేటగా కనపడుతోంది. పెట్టెలో ఉన్న విదేశీయులు గట్టిగా అరిచేశారు, రోజూ చూసే ఆమె కూడా నవ్వుతోంది. నైరుతి మబ్బులు పడమటి వాలు మీదే బరువు దించేసుకుంటాయి, శిఖరం దాటి ఇటు దిగే గాలిలో తడి మిగలదు. చిన్నప్పుడు భూగోళం పుస్తకంలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, అదంతా ఇలా కళ్లముందు నిమిషాల్లో జరగడం నాకు తెలిసి ఇక్కడే.

బదుల్లా నుంచి బిబిలే, మహాఓయా మీదుగా తూర్పు తీరంలోని మట్టకళప్పు (బట్టికలోవా) బస్సు పట్టుకున్నాం. కిందికి దిగేకొద్దీ వేడి, ఎండిన గడ్డి, అడుగంటిన చెరువులు. తూర్పు తీరానికి వచ్చేసరికి ముఖానికి కొట్టిన గాలి నాకు బాగా తెలిసిన గాలి. అక్కడి తమిళులు కచ్చాన్ అంటారు. మా నెల్లూరులో జులైలో వీచే పడమటి గాలీ ఇంతే, కొండలు దాటి తడి పోగొట్టుకుని వచ్చి ఒళ్లు కాలుస్తుంది. మాలాగే వాళ్లకీ అసలు వాన అక్టోబరు తర్వాతే, పెద్ద పంట వరి నాట్లూ అప్పుడే. దేశం కాని దేశంలో మా ఊరి వాతావరణమే దొరకడం నాకు చెప్పలేనంత సంతోషమనిపించింది.

పాసికుడాలో సముద్రం ఎంత నెమ్మదంటే పిల్లలు నడుము లోతు నీళ్లలో చాలా దూరం నడిచి వెళ్తున్నారు. గది అద్దె మాత్రం బెంతోటకి మించి అడిగారు, ఇక్కడ ఇప్పుడే సీజన్ మరి. బేరమాడకుండా ఇచ్చేశాను.

పడమటి నైరుతి వానకీ, తూర్పు తీరం వానకీ మధ్య వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో మాత్రం ఏ వైపూ నమ్మకం లేదు. ఉరుములతో వాన అంతటా పడుతుంది, తుఫాన్లూ అప్పుడే. 2025 నవంబరు చివర్లో దిత్వా తుఫానుకి ఈ కొండ జిల్లాల్లో కొండచరియలు విరిగిపడి ఎంతమంది పోయారో వార్తల్లో చూస్తుంటే ఆ పెద్దావిడే గుర్తొచ్చింది. పేరు కూడా అడగలేదు, ఎలా ఉందో కనుక్కునే దారి లేదు.

మళ్లీ వెళ్తే ఫిబ్రవరిలో వెళ్లాలని ఉంది. అప్పుడు దక్షిణాన మిరిస్సాలో తిమింగలాలు కనిపించే కాలం, డిసెంబరు పున్నమి నుంచి మేలో వెసాక్ (బుద్ధ పూర్ణిమ) దాకా శ్రీపాద కొండ ఎక్కే కాలం కూడా. ఈసారి ఏజెంటు లేకుండా టికెట్లు మేమే తీసుకుంటాం.