డిగ్రీ లేకుండా ప్రోగ్రామర్ ఉద్యోగం: నా అనుభవం

నిన్న నియామక పత్రం అందింది. మనసింకా కుదుటపడలేదు, అయినా వేడిమీదే రాస్తున్నాను.

నేను డిగ్రీ చదవలేదు. ఒక చిన్న సంస్థలో ఫిర్యాదులు నమోదు చేసే పనిలో చేరి, ప్రోగ్రామర్ల పక్కన కూర్చుని పని నేర్చుకున్నాను. గిట్, ఎస్‌క్యూఎల్, లైనక్స్ లాంటి ప్రోగ్రామర్ల పనిముట్లన్నీ అలా వచ్చినవే. నాలుగేళ్ల తర్వాత పెద్ద సంస్థలకు దరఖాస్తు చేశాను. ఆన్‌లైన్ పరీక్షలు ఇబ్బంది పెట్టలేదు.

మొదటి ఇంటర్వ్యూ మాత్రం బతికున్నంత కాలం గుర్తుంటుంది. పది లక్షల వరుసలున్న డేటాబేస్ టేబుల్‌లో ఈమెయిల్‌తో వెతికితే ఆలస్యమవుతోంది, ఏం చేస్తారని అడిగారు. ‘ఆ కాలమ్‌కు ఇండెక్స్ పెడతాను’ అన్నాను తడుముకోకుండా. పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది ఇండెక్స్.

‘పెడితే వేగం ఎందుకు పెరుగుతుంది?’

‘వెతకడం తేలికవుతుంది కాబట్టి.’

‘అదే, ఎందుకు?’

నోరు పెగల్లేదు. వందసార్లు నా చేత్తో పెట్టిన ఇండెక్స్ అది. ఆయన కాసేపు చూసి, ‘రెండో సంవత్సరం విద్యార్థి చెప్పే జవాబు ఇది. చదువు లేకుండా మిమ్మల్ని ఇక్కడిదాకా ఎవరు రానిచ్చారు?’ అన్నారు. పక్కనున్నవారు తల దించుకున్నారు. అడిగిన ప్రశ్న న్యాయమైనదే. తర్వాతి మాటను నేనిప్పటికీ క్షమించలేదు. తెలియదని చెప్పే మనిషిని అవమానించే హక్కు ఏ పట్టా ఇవ్వదు.

మర్నాడే కాగితం, పెన్ను పట్టుకున్నాను. ఇండెక్స్‌లో విలువలు వరుసక్రమంలో ఉంటాయి. అలాంటి పది లక్షల విలువలను ప్రతిసారీ సగానికి కోస్తూ పోతే కావలసినది ఇరవై పోలికల్లో దొరుకుతుంది. ఇండెక్స్‌ను సాధారణంగా దాచే బీ-ట్రీ అనే చెట్టు అమరికలో, ఒక్కో నోడ్‌లో (కొమ్మలు చీలే చోట) వందల విలువలు పడతాయి కనుక మూడు నాలుగు మెట్లు దిగితే చాలు. అప్పుడే పాత చిక్కు ఒకటి విడింది. ఒకప్పుడు ఈమెయిళ్లను చిన్నక్షరాల్లోకి మార్చి పోల్చే క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న), ఇండెక్స్ ఉన్నా నత్తనడకే నడిచేది. రెండు రోజులు కొట్టుకున్నాం. ఇండెక్స్ అసలు విలువల క్రమంలో ఉంటుంది, మార్చిన విలువల క్రమంలో కాదు! ఆ సంగతి తెలిసిన క్షణం లేచి గదంతా తిరిగాను.

కాలేజీ దండగ అనేవాళ్ల మాట నమ్మకండి. అక్కడ ‘ఎందుకు’ అని అడిగేవాళ్లుంటారు. పనిలో గడువు తప్ప అడిగేవాళ్లుండరు, మనమే అడుక్కోవాలి. కానీ అర్ధరాత్రి పడిపోయిన సర్వర్‌ను నిలబెట్టడం ఏ పరీక్షలోనూ రాదు, అది నాకు వచ్చు. ఇంకొకటి: దరఖాస్తులో డిగ్రీ గడి నింపక తప్పదన్నా అబద్ధం రాయకండి. నియామక విభాగానికి నేరుగా లేఖ రాయండి. నేను రాసిన మూడింటిలో ఒకరే జవాబిచ్చారు. ఉద్యోగమిచ్చిందీ వాళ్లే.

అక్కడ కూడా ఇండెక్స్ గురించే అడిగారు. బోర్డు మీద చెట్టు గీసి చూపించాను. ఎక్కడ చదివారన్నారు. పనిలోనే నేర్చుకున్నానని చెప్పాను. తలూపి, తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.