మొదటి తరం ఎంఎక్స్-5: ఇంజిన్ మౌంటింగ్‌ల మార్పు

కారు మాజ్డా ఎంఎక్స్-5, 1.6 లీటర్ల ఇంజిన్, స్టీరింగ్ ఎడమ వైపు. ఐడ్లింగ్‌లో స్టీరింగ్ వణుకుతోంది. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కితే గేర్ లివర్ ఊగుతోంది. సైలెన్సర్ గొట్టం అడుగు రేకుకు తగులుతోంది. ఈ మూడూ ఒకేసారి కనబడితే మొదట చూడాల్సింది ఇంజిన్‌ను మోసే రబ్బరు మౌంటింగ్‌లే.

ఈ కారులో గేర్‌బాక్సుకు వేరే మౌంటింగ్ ఉండదు. గేర్‌బాక్సునూ, వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌నూ పొడవాటి అల్యూమినియం చట్రం బిగించి ఉంచుతుంది, దాన్నే పీపీఎఫ్ అంటారు. ముందు రెండు మౌంటింగ్‌లు, వెనక డిఫరెన్షియల్‌ను మోసే రబ్బరు బుష్‌లు రెండు, మొత్తం బరువు ఈ నాలుగింటి మీదే. అందుకే ముందు రబ్బరు కుంగితే గేర్ లివర్ దాకా తెలుస్తుంది.

పరీక్షకు బానెట్ తెరిచి, హ్యాండ్ బ్రేకు లాగి, ఫుట్ బ్రేకు గట్టిగా తొక్కి, మొదటి గేర్‌లో క్లచ్ అర అంగుళం వదలాలి. కారు ముందు ఎవరూ నిలబడకూడదు. ఇంజిన్ ఎడమ పక్క కొద్దిగా లేవడం సహజం. టప్పున లేచి పడితే రబ్బరు ఇనుప పలక నుంచి ఊడిందన్నమాట. ఇక్కడ జరిగింది అదే.

ఎడమది ముందు పోవడానికి కారణం ఉంది. ముందుకు లాగేటప్పుడు ఇంజిన్ కుడికి ఒరుగుతుంది. కుడి రబ్బరు నలుగుతుంది, ఎడమది సాగుతుంది. రబ్బరు నలగడాన్ని ఓర్చుకుంటుంది, సాగదీస్తే చిరుగుతుంది. పైగా ఇంజిన్ పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడి కూడా ఎడమ వైపే. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు: 1971లో జనరల్ మోటార్స్ దాదాపు 67 లక్షల షెవ్రోలే వాహనాలను వెనక్కి పిలిచింది మౌంటింగ్‌లు తెగి ఇంజిన్ లేస్తున్నందుకే.

రెండూ కలిపే మార్చాలి. రోడ్డు మీద తిరిగే కారుకు కంపెనీ గట్టిదనం ఉన్న రబ్బరే నా ఓటు. నాలుగు సిలిండర్ల ఇంజిన్ క్రాంక్ తిరిగే ప్రతి చుట్టుకూ రెండుసార్లు అదురుతుంది. 850 ఆర్‌పీఎమ్ ఐడ్లింగ్‌లో అది సెకనుకు 28 సార్లు. రబ్బరు బదులు గట్టి పాలీయూరిథేన్ పెడితే ఆ అదురంతా నేరుగా సీటుకు వస్తుంది. ట్రాక్ కారుకైతే సరే.

పని క్రమం ఇది. బ్యాటరీ నెగటివ్ తీసి, కారు ముందు భాగాన్ని స్టాండ్ల మీద నిలిపి, మౌంటింగ్‌లు కూర్చునే చట్రం, అంటే సబ్‌ఫ్రేమ్ కింది నట్లకు ముందు రోజే తుప్పు వదిలించే నూనె కొట్టాలి. త్రాటిల్‌కు వెళ్లే గాలి గొట్టం విప్పేయాలి, లేకపోతే ఇంజిన్ లేచినప్పుడు చిరుగుతుంది. ఆయిల్ ప్యాన్ కింద వెడల్పాటి చెక్కదిమ్మె పెట్టి దాని మీదే జాకీ ఆనించాలి. జాకీ తల నేరుగా తగిలితే ప్యాన్ పగలొచ్చు. రెండు పక్కలా కింది నట్లు వదులు చేశాకే లేపాలి. ఒక్క పక్కే విప్పి లేపితే రెండోది మెలిపడుతుంది.

డిఫరెన్షియల్ బుష్‌లు కీలులా పనిచేసి ఇంజిన్, గేర్‌బాక్సు ఒకే ముక్కగా లేస్తాయి. పీపీఎఫ్ బోల్టుల జోలికి పోవద్దు. అవి కదిలితే గేర్‌బాక్సు నుంచి డిఫరెన్షియల్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మళ్లీ సరిచూడాలి. లేపుతున్నంతసేపూ రేడియేటర్, హీటర్ గొట్టాలను గమనిస్తూ, మౌంటింగ్ బయటికొచ్చేంత మాత్రమే లేపాలి. ఒక పక్క బిగించాకే రెండో పక్క తీయాలి. ఎడమ వైపు స్టీరింగ్ షాఫ్ట్, మానిఫోల్డ్ రెండూ అడ్డు, పానాకు పొడవాటి ఎక్స్‌టెన్షన్ తప్పదు.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి బోల్టు పొడవు, మౌంటింగ్‌ను సరైన చోట నిలిపే పిన్ను చోటు పోల్చుకోవాలి. ఎత్తు తేడా చూస్తే ఎంత కుంగిందో తెలుస్తుంది. పిన్ను దాని రంధ్రంలో దిగిందో లేదో వేలితో తడిమి చూడాలి. అది పక్కన ఆనుకుంటే నట్టు బిగిసినట్టే ఉంటుంది గానీ రబ్బరు వంకరగా కూర్చుంటుంది. బరువంతా దింపి, ఇంజిన్‌ను చేత్తో అటూ ఇటూ ఊపి, ఆ తర్వాతే మాన్యువల్‌లోని టార్క్‌కు (బిగింపు బలానికి) బిగించాలి.

ఇప్పుడు లివర్ కదలడం లేదు, గొట్టానికీ రేకుకూ మధ్య సందు వచ్చింది. ఇంకా మిగిలింది ఇంజిన్ పైమూత, అంటే టాపెట్ కవర్ ప్యాకింగ్. అక్కడ కారే ఆయిల్ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది, కాబట్టి అది మారేదాకా బండి ఎక్కువ తిప్పేది లేదు.