మార్కాపురం పలక మీద హైపో ప్రయోగం

మన కాలేజీ పాత విద్యార్థుల కలయిక సందర్భంగా నాకు గుర్తొచ్చిన పాఠం ఇది. ఇంటర్ రెండో సంవత్సరంలో చర్యా రేటు, అంటే రసాయన చర్య ఎంత వేగంగా జరుగుతుందో చెప్పే పాఠాన్ని మన కెమిస్ట్రీ సార్ ల్యాబ్‌లోనే మొదలుపెట్టారు. బల్ల మీద పలక పెట్టి, సుద్దముక్కతో పెద్ద ఇంటూ గుర్తు గీశారు. పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో పలకకు కొదవేముంది!

దాని మీద బీకరు. అందులో 50 మి.లీ. హైపో, అదే సోడియం థయోసల్ఫేట్ ద్రావణం. అప్పట్లో ఫొటో స్టూడియోల వాళ్లు వాడే సరుకే. 5 మి.లీ. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసి, వాచీ చూస్తూ ఉండమన్నారు. కాసేపు ఏ మార్పూ లేదు. తర్వాత లేత నీలి ఛాయ, ఆపైన పసుపు కలిసిన తెలుపు. గంధకం సన్నని రేణువులుగా విడిపోతూ ద్రావణాన్ని మసకబార్చేసింది. పైనుంచి చూస్తే గుర్తు లేదు! సల్ఫర్ డయాక్సైడ్ ఘాటు ముక్కుకెక్కుతుందని కిటికీలన్నీ ముందే తెరిపించారు.

రెండోసారి హైపో 25 మి.లీ., నీళ్లు 25 మి.లీ. నీళ్లెందుకో సార్ వివరంగా చెప్పారు. ద్రవం ఎత్తు తగ్గితే గుర్తు ఎక్కువసేపు కనిపిస్తుంది, ఆమ్లం గాఢత కూడా మారిపోతుంది. ఒక్కటే మారాలి, మిగతావన్నీ అలాగే ఉండాలి. ఈసారి గుర్తు మాయమవడానికి దాదాపు రెట్టింపు సమయం పట్టింది. చెన్నకేశవస్వామి తిరునాళ్లలో భుజాలు తగలకుండా నడవగలరా, అదే వీధిలో తెల్లవారుజామున ఎవరు తగులుతారు అని అడిగారు. పుస్తకంలోని అభిఘాతాలు, అంటే కణాలు ఒకదాన్నొకటి ఢీకొనడం, మాకు అలా అర్థమయ్యాయి.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి ప్రయోగం. ఈ చర్య సమీకరణంలో ఆమ్లం ముందు 2 ఉంటుంది కాబట్టి దాని ప్రభావమే ఎక్కువనిపిస్తుంది. ఆమ్లాన్ని పలచన చేసి చూస్తే సమయం పెద్దగా మారలేదు. ఏ పదార్థం గాఢత రేటును ఎంత మారుస్తుందో ప్రయోగం చేసే తేల్చుకోవాలి, సమీకరణం చూసి రాసేయకూడదని సార్ గట్టిగా చెప్పారు. పదార్థాల మోతాదుకూ చర్యకూ ఉన్న సంబంధాన్ని 1864లో ప్రకటించిన నార్వే వాళ్లు గుల్డ్‌బర్గ్, వాగే తోడల్లుళ్లని కూడా ఆ రోజే విన్నాం.

పొద్దున మొదలుపెట్టింది మధ్యాహ్నానికి వాయిదా వేయనిచ్చేవారు కాదు. మన ఎండకు ల్యాబ్ వేడెక్కితే చర్య కూడా వేగం పుంజుకుంటుంది, రెండు పూటల రీడింగులూ కలవవు. సమయానికి విలోమాన్ని (1/సమయం, అంటే చర్య వేగానికి కొలత) ఒక అక్షం మీద, హైపో గాఢతను మరో అక్షం మీద తీసుకుని గ్రాఫు గీయించారు. చుక్కలన్నీ ఇంచుమించు ఒకే సరళరేఖ మీదికొచ్చాయి.

ఇప్పటి పిల్లలు కూడా దీన్ని తమ చేతులతో చేయాలని నా కోరిక. ల్యాబ్‌కు హైపో, బీకర్లు, కొలజాడీలు కొనిద్దామని మా బ్యాచ్ వాళ్లం అనుకుంటున్నాం. ఈ కలయికలోనే ఆ సంగతి తేల్చుకుందాం.