పట్టీ, గమ్, పది వారాలు

22 ఏళ్లపాటు రోజుకు 20కి తగ్గకుండా సిగరెట్లు కాల్చిన నేను, మెట్లెక్కేటప్పుడు వచ్చే ఆయాసాన్ని వయసు ఖాతాలో వేసి ఊరుకునేవాణ్ని. ఒక చలికాలం పట్టుకున్న దగ్గు మూడు నెలలైనా వదలకపోయేసరికి, డాక్టరు గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష చేయించి, ఇది సీఓపీడీ, అంటే ఊపిరి దారులు ఇరుకై గాలి సరిగా ఆడని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, తొలిదశ అని, జరిగిన నష్టం పూర్తిగా పూడదు గానీ పొగ మానేస్తే జబ్బు ముదిరే వేగం తగ్గుతుందని చెప్పారు.

మొదటిసారి ఏ సాయమూ లేకుండా మానేశాను. మందులతో మానడం మనోబలం లేనివాళ్ల పని అన్న అహంకారమే అందుకు కారణం. రెండో రోజూ మూడో రోజూ ఇంట్లో ఎవరూ నా దగ్గరికి రాలేదు, అంతగా కసురుకున్నాను. పదకొండో రోజు ఒక్కటే కదా అని వెలిగించి, వారం తిరక్కుండా మళ్లీ 20కి చేరాను.

రెండోసారి నికోటిన్ గమ్ తెచ్చుకున్నాను, సిగరెట్ లేకుండానే కాస్త నికోటిన్ అందించి తపన తగ్గించేది. నిద్ర లేచిన అరగంటలోపే తొలి సిగరెట్ వెలిగించేవారికి 4 మిల్లీగ్రాములది ఇస్తారు. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా, అదీ కాఫీ తాగుతూ, కసకసా నమిలి రసం మింగేశాను. ఎక్కిళ్లు, గొంతు మంట, కడుపులో తిప్పడం మొదలై, ఇది నాకు పడదని పారేశాను. తప్పు గమ్‌ది కాదని తర్వాత ఒక నర్సు చూపించారు: నాలుక చుర్రుమనే దాకా నెమ్మదిగా నమిలి, బుగ్గకూ చిగురుకూ మధ్య దాచి, ఆ చురుకు తగ్గాక మళ్లీ నమలాలి, ఇలా అరగంట. నికోటిన్ నోటి లోపలి పొర గుండానే ఒంటికి పడుతుంది కనుక, దాన్ని అడ్డుకునే కాఫీ, పండ్లరసాలు పావుగంట ముందు నుంచే ముట్టకూడదు.

మూడోసారి గమ్‌తో పాటు, ఒంటికి అతికించుకునే నికోటిన్ పట్టీ కూడా వాడాను. ఆరు వారాలు 21 మిల్లీగ్రాముల పట్టీ, ఆ తర్వాత రెండేసి వారాలు 14, 7. ఉన్నట్టుండి మనసు లాగినప్పుడు గమ్. రాత్రంతా పట్టీ ఉంచుకుంటే కలలో సిగరెట్ కాల్చి, మేలుకుని వేళ్లు వాసన చూసుకునేవాణ్ని. డాక్టరు సలహాతో పడుకునే ముందు తీసేయడం మొదలుపెట్టాను. ఆ రోజుల్లోనే మొదలైన గుండె దడకు మాత్రం కారణం వేరు: పొగలోని రసాయనాల వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా కరిగిస్తుంది, పొగ ఆగితే అదే కాఫీ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. కాఫీ సగం చేశాక దడ తగ్గింది. మొదటి వారాల్లో కళ్లె ఎక్కువై భయపడ్డాను గానీ, శ్వాసనాళాల్లోని సన్నని నూగు మళ్లీ పనిలో పడి ఊడ్చే మురికి అదేనట.

పట్టీ తీర్చలేనిది చేతి అలవాటు. భోజనమయ్యాక, ఫోన్ రాగానే, చెయ్యి తనంతట తానే చొక్కా జేబులోకి పోయేది.

మానేసి 14 నెలలైంది. స్పైరోమెట్రీ పరీక్ష అంకె పెరగలేదు, తగ్గనూ లేదు. ఇన్‌హేలర్ వాడుతూనే ఉన్నాను, మూడో అంతస్తు దాకా ఆగకుండా ఎక్కుతున్నాను. ఫోన్ మోగితే చెయ్యి ఇప్పటికీ ఒక్కోసారి జేబు తడుముతుంది. అందులో రేకు విప్పని గమ్ బిళ్ల ఒకటి ఉంటుంది.