పదిహేను కిలోల్లో మసాయి మారా

నైరోబీ విల్సన్ ఎయిర్‌పోర్టులో సంచుల్నే కాదు, భుజాన ఉన్న కెమెరా బ్యాగుని కూడా కాటా మీద పెట్టించారు. కెన్యాలోని మసాయి మారా అభయారణ్యానికి వెళ్లేవి పన్నెండు పదమూడు సీట్ల బుల్లి విమానాలు. చేతిసంచితో కలిపి మనిషికి 15 కిలోలే. చక్రాల సూట్‌కేసులు ఒప్పుకోరు. విమానం అడుగున సామాన్లు పెట్టే అర ఇరుకు, మెత్తటి సంచైతేనే మూలకి కుక్కొచ్చు. ఆ సంగతి ముందే తెలుసు కాబట్టి గుడ్డ డఫెల్ బ్యాగులతోనే బయల్దేరాం.

ఇంట్లో ఈ లెక్క ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. అమ్మ ఆవకాయ, కందిపొడి, చేగోడీలు కట్టిపెట్టింది. టెంట్లో తినేవి ఉంచొద్దని, వాసన పసిగడితే కోతులు లోపలికి దూరతాయని క్యాంపువాళ్లు ముందే రాశారు. బతిమాలి కందిపొడి ఒక్కటీ తీసుకెళ్లాం. డబ్బా వంటాయన చేతికిచ్చాం. అక్కడివాళ్లు రోజూ తినే ఉగాలీ మొక్కజొన్న పిండితో చేసిన మన సంగటి లాంటిదే. ఆయన ముద్ద తుంచి, పొడిలో అద్ది నోట్లో పెట్టుకుని, కాసేపాగి డబ్బా మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు.

బట్టలకన్నా ముందు చూసుకోవాల్సింది ఎల్లో ఫీవర్ టీకా. హైదరాబాద్‌లోనైతే నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. టీకా వేసినట్టు ఇచ్చే కార్డు 2016 నుంచి జీవితాంతం చెల్లుతోంది. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే అడుగుతారు. కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. మలేరియా మాత్రలు డాక్టర్ని అడిగి వాడాం.

ఆఫ్రికా అనగానే మనవాళ్లు ఎండ గురించే భయపడతారు. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంది. మేం వెళ్లింది ఆగస్టులో, వైల్డ్‌బీస్ట్ అనే పెద్ద జింకల మందలు మారా నది దాటే రోజుల్లో. తెల్లారకముందే పైకప్పు ఎత్తిన ల్యాండ్ క్రూజర్‌లో నిలబడితే చలిగాలికి ముక్కు, చెవులు మొద్దుబారిపోతాయి. నాన్న తిరుమల కొండకి పెట్టుకెళ్లే మంకీ క్యాప్ తెచ్చుకున్నాను. మా ఆవిడ రెండు రోజులు నవ్వి, మూడో రోజు అడిగి తీసుకుంది. పదింటికల్లా ఎండ చురుక్కుమంటుంది. అందుకే ఒకే లావుపాటి కోటు కన్నా టీషర్టు, పొడుగు చేతుల చొక్కా, ఫ్లీస్, పైన విండ్‌చీటర్ వేసుకుని ఒక్కొక్కటీ విప్పుకుంటూ రావడం మేలు. జతలెక్కువ అక్కర్లేదు, క్యాంపులో ఉతికిస్తారు. చాలా చోట్ల లోదుస్తులు మాత్రం తీసుకోరు, అవి మనమే ఉతుక్కోవాలి.

సఫారీ అంటే ఖాకీ బట్టలే వేసుకోవాలన్న హడావుడి నాకు కాస్త అతిగానే అనిపిస్తుంది. నడిచి వెళ్లే సఫారీలో రంగుకి పట్టింపు ఉంది కానీ, గుర్రుమంటున్న బండిలో కూర్చున్నవాడి చొక్కా రంగుతో సింహానికి ఏం పని? మట్టిరంగుల వల్ల అసలు లాభం దుమ్ము కనపడకపోవడం. నీలం, నలుపు మాత్రం మానేయాలి. కుట్టి రక్తం పీల్చే సెట్సీ ఈగలు ఆ రంగులకే వస్తాయి, వాటిని పట్టే ఉచ్చుల్ని కూడా నీలం, నలుపు గుడ్డతోనే కుడతారు. మిలిటరీ మచ్చల బట్టలు అసలే వద్దు, కొన్ని ఆఫ్రికా దేశాల్లో మామూలు జనం వేసుకోవడం నేరం.

మనకి ప్రతి వస్తువునీ ఒక క్యారీబ్యాగులో చుట్టే అలవాటుంది కదా! కెన్యాలో 2017 ఆగస్టు నుంచి వాటిని నిషేధించారు. 2020 జూన్ నుంచి నేషనల్ పార్కుల్లోకి వాడి పారేసే నీళ్ల సీసాలు కూడా తేకూడదు. చెప్పులు, సబ్బులు అన్నీ గుడ్డసంచుల్లో సర్ది, స్టీలు సీసాలు పట్టుకెళ్లాం. కెమెరా ఆనించుకునే బీన్‌బ్యాగు ఖాళీగా తీసుకెళ్తే చాలు, అక్కడ బియ్యం పోసి ఇస్తారు. మన ప్లగ్గులు అక్కడ పట్టవు, మూడు చదును పిన్నుల అడాప్టర్ కావాలి.

బరువు తగ్గించాలని ఎన్ని తీసేసినా బైనాక్యులర్స్ మాత్రం మనిషికొకటి ఉండాల్సిందే. మా బండిలో ఇంకో జంట రెండు కళ్లజోళ్లు, మూడు టోపీలు తెచ్చుకున్నారు, బైనాక్యులర్స్ మాత్రం ఇద్దరికీ ఒకటే. దూరంగా చెట్టుకొమ్మ మీద చిరుతపులి కనపడగానే ఆయన వాటిని కళ్లకి పెట్టుకుని ఇక దించలేదు. ఆవిడ మోచేత్తో పొడుస్తూనే ఉంది. చివరికి చేతికిచ్చేసరికి చిరుత కొమ్మ దిగి గడ్డిలోకి వెళ్లిపోయింది. క్యాంపు చేరేదాకా ఆవిడ ఆయనతో మాట్లాడితే ఒట్టు.