డీజిల్ పికప్పా, గ్యాస్ పికప్పా? మన ఊరి లెక్క టెక్సస్‌లో పనిచేయదు

డాలస్ చుట్టుపక్కల మనోళ్ళకి ఈ మధ్య పికప్ ట్రక్కుల పిచ్చి బాగా పట్టింది. ఒకప్పుడు క్యామ్రీ, ఒడిస్సీ దాటి ఆలోచించనోళ్ళు కూడా షెర్మన్ వైపో బాన్‌హామ్ వైపో నాలుగెకరాలు కొనడం, గోంగూర బెండ వేయడం, దున్నడానికి ఓ చిన్న ట్రాక్టర్, ట్రాక్టర్‌ని అటూ ఇటూ తిప్పడానికి ట్రైలర్, ట్రైలర్ లాగడానికి ట్రక్... ఇలా ఒకటి కొంటే దాని వెనకాలే ఇంకోటి. ఇంకో బ్యాచ్ ఏమో క్యాంపింగ్ ట్రైలర్ తగిలించుకుని పిల్లల్తో కొలరాడో పోదామనే టైపు. రెండు బ్యాచ్‌లూ అడిగేది ఒకటే, డీజిల్ తీసుకోవాలా గ్యాస్ తీసుకోవాలా అని. (ఇండియా నుంచి చదివేవాళ్ళకి, ఇక్కడ గ్యాస్ అంటే పెట్రోలే.)

అడగడం వరకే, సగం మంది ఆల్రెడీ డీజిల్ అని ఫిక్స్ అయిపోయి వస్తారు. ఎందుకంటే "మైలేజ్ వస్తది కదా" అంటారు. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. మా బాబాయ్‌కి పల్నాడులో బొలెరో పికప్ ఉండేది, మిర్చి టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకి తోలేవాడు, నేను ట్రక్ కొంటున్నా అని ఫోన్లో చెప్పానో లేదో "డీజిల్‌దే తీసుకోరా అబ్బాయ్, పెట్రోల్ బండి పెట్టుకుంటే పొలం అమ్మాల్సిందే" అన్నాడు. ఆయన లెక్క తప్పు కాదు, అక్కడ అప్పట్లో కరెక్టే. పెట్రోల్ రేటు మీద గవర్నమెంట్ కంట్రోల్ 2010 జూన్‌లో తీసేశారు, డీజిల్ మీద మాత్రం 2014 అక్టోబర్ దాకా ఉంచారు, ఆ మధ్యలో లీటరుకి ఇరవై రూపాయల పైన తేడా ఉన్న రోజులున్నాయి. ఒకటి రేటు తక్కువ, రెండు మైలేజ్ ఎక్కువ, ఇంక ఆలోచించేదేముంది.

ఇక్కడ ఫస్ట్ పాయింటే తిరగబడుద్ది. ఫెడరల్ ట్యాక్స్ గ్యాస్ మీద గ్యాలన్‌కి 18.4 సెంట్లు, డీజిల్ మీద 24.4 సెంట్లు. టెక్సస్ వాళ్ళు రెండిటికీ 20 సెంట్లే వేస్తారు కాబట్టి స్టేట్ వైపు నుంచి కలిసొచ్చేదేం లేదు. 2004 తర్వాత నుంచి అమెరికాలో డీజిల్ రేటు చాలావరకు గ్యాస్ రేటు పైనే ఉంటా వస్తుంది. 2006 నుంచి సల్ఫర్ బాగా తగ్గించిన డీజిల్ అమ్మాలని రూల్ వచ్చింది, దాన్ని శుద్ధి చేయడానికి ఖర్చు ఎక్కువ, పైగా ప్రపంచంలో లారీలూ రైళ్ళూ అన్నీ దీని మీదే నడుస్తాయి కాబట్టి డిమాండ్ తగ్గేది లేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం, రేట్లు రోజూ మారతాయి కాబట్టి ఊరికే గ్యాస్ 3 డాలర్లు, డీజిల్ 3.60 అనుకోండి. ఏడాదికి 12,000 మైళ్ళు. ఫోర్డ్ ఎఫ్-250 సైజు ట్రక్ ఖాళీగా తిరిగితే గ్యాస్‌ది గ్యాలన్‌కి 14 మైళ్ళు, డీజిల్‌ది 18 ఇచ్చిందనుకుంటే, గ్యాస్ ఖర్చు 2,571 డాలర్లు, డీజిల్ ఖర్చు 2,400. అంటే ఏడాదికి మిగిలేది 171 డాలర్లు. డీజిల్ ఇంజన్ ఆప్షన్ పెట్టించుకోడానికి ఈ సైజు ట్రక్కుల్లో అటూఇటుగా 10,000 డాలర్లు ఎక్స్‌ట్రా. యాభై ఏళ్ళు దాటినా తీరదు. సరే ఆ 12,000 మైళ్ళూ బరువు లాగుతూనే తిరిగాడు అనుకుందాం, గ్యాస్‌కి 8, డీజిల్‌కి 11 వేసుకుంటే 4,500 ఒకవైపు, 3,927 ఒకవైపు, తేడా 573. అప్పుడు కూడా పదిహేడేళ్ళు. అమ్మేటప్పుడు డీజిల్‌కి రేటు ఎక్కువ పలుకుద్ది, పెట్టిన పదివేలల్లో కొంత వెనక్కొస్తది, అది నిజం, కాదనను. కానీ "డబ్బులు మిగుల్తాయి" అనే కారణంతో మాత్రం డీజిల్ కొనొద్దు, ఆ కారణం ఇక్కడ లేదు.

మరి జనం ఎందుకు కొంటున్నారు అంటే, లాగడం కోసం. దాంట్లో మాత్రం డీజిల్‌కి తిరుగులేదు.

ఫోర్డ్‌లోనే చూడండి, 7.3 లీటర్ గ్యాస్ వీ8 430 హార్స్‌పవర్, 485 టార్క్ (చక్రాల్ని తిప్పే బలం, పౌండ్-ఫీట్లలో). పక్కనే 6.7 లీటర్ పవర్ స్ట్రోక్ డీజిల్ 475 హార్స్‌పవర్, 1,050 టార్క్, హై అవుట్‌పుట్ అని ఇంకోటుంది దానిది 1,200. హార్స్‌పవర్ దగ్గర దగ్గరే, టార్క్ మాత్రం రెట్టింపు పైన. ఇంకో సంగతి ఏంటంటే గ్యాస్ ఇంజన్‌కి ఆ 485 రావాలంటే 4,000 ఆర్‌పీఎం దాకా పోవాలి, డీజిల్‌కి 1,600, 1,800 దగ్గరే మొత్తం వచ్చేస్తది. అందుకే కొండెక్కేటప్పుడు గ్యాస్ ట్రక్ గేర్లు దించుకుంటూ అరుస్తది, పక్కన కూర్చున్నోళ్ళు బండికేమన్నా అయిందా అని చూస్తారు, ఏమీ కాలేదు, అది అలాగే ఎక్కుద్ది. డీజిల్ కాడికి కట్టిన ఒంగోలు గిత్తలాగా తల దించుకుని పోతా ఉంటది.

డాలస్ నుంచి కొలరాడో పోవాలంటే మనోళ్ళు 287 హైవే పట్టుకుని అమరిల్లో, అక్కడి నుంచి రటోన్ పాస్ ఎక్కుతారు, అది 7,800 అడుగుల పైచిలుకు. ఇంకా పైకి ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ 11,000 అడుగులు దాటుద్ది. పైకెళ్ళేకొద్దీ గాలి పల్చబడుద్ది కదా, టర్బో లేని గ్యాస్ ఇంజన్ ప్రతి వెయ్యి అడుగులకీ దాదాపు 3 శాతం పవర్ పోగొట్టుకుంటది, అంటే టన్నెల్ దగ్గరకెళ్ళేసరికి మూడో వంతు ఇంజన్ ఇంటి దగ్గర వదిలేసి వచ్చినట్టే. డీజిల్స్ అన్నిటికీ టర్బో ఉంటది, అది గాలి కుక్కి పంపుద్ది కాబట్టి అంత తేడా రాదు. ఎక్కడం కన్నా నన్నడిగితే దిగడమే అసలు భయం, వెనకాల 12,000 పౌండ్లు తోస్తా ఉంటే బ్రేకులు కాలిన వాసన వస్తది. డీజిల్‌లో ఎగ్జాస్ట్ బ్రేక్ అని బటన్ ఉంటది, నొక్కితే టర్బో దగ్గర పొగని అడ్డుకుని ఇంజనే బండిని పట్టి ఉంచుద్ది, కాలు బ్రేక్ మీద పెట్టే పని సగానికి పైగా తగ్గిపోద్ది. కొండల్లో పెద్ద ట్రైలర్ అయితే నేను డీజిల్‌కే ఓటేస్తా, ఆ ఒక్క బటన్ కోసం.

ఇక్కడ చాలామంది పడే బోల్తా ఒకటుంది. డీజిల్ అంటే ఎంత బరువైనా మోస్తది అనుకుంటారు. లాగడం వేరు, మోయడం వేరు. డ్రైవర్ డోర్ తీస్తే లోపల పసుపు రంగు స్టిక్కర్ ఉంటది, మనుషులూ సామానూ కలిపి ఇంతకి మించకూడదు అని పౌండ్లలో రాసి ఉంటది, అదే పేలోడ్. డీజిల్ ఇంజనే నాలుగైదు వందల పౌండ్లు ఎక్కువ బరువు, అది ఈ పేలోడ్‌లోంచే కోసుకుంటారు. ఎఫ్-250 లాంటి వాటిల్లో చాలావాటికి మొత్తం బరువు లిమిట్ 10,000 పౌండ్ల దగ్గర ఉంటది, దాంట్లో డీజిల్, ఫోర్ బై ఫోర్, లెదర్ సీట్లు, సన్‌రూఫ్ అన్నీ పెట్టుకున్న బండికి స్టిక్కర్ మీద మిగిలేది ఒక్కోసారి 2,000 చిల్లర. ఇప్పుడు 12,000 పౌండ్ల ఫిఫ్త్ వీల్ ట్రైలర్ (ట్రక్ వెనక తొట్టిలోనే తగిలించేది) తగిలించాం అనుకోండి, దాని బరువులో ఐదో వంతు ట్రక్ మీద పడుద్ది, అంటే 2,400. దాన్ని తగిలించే హిచ్ ఇంకో 150, నలుగురు మనుషులు 600, పచ్చళ్ళూ రైస్ కుక్కరూ సామాన్లూ సరేసరి. ఇంజన్ లాగుద్ది, కానీ స్టిక్కర్ ఒప్పుకోదు. అలాంటోళ్ళకి ఎఫ్-350 కావాలి, లేదా చిన్న ట్రైలర్ కావాలి. అదే ఎఫ్-250 గ్యాస్‌ది చూస్తే పేలోడ్ ఎక్కువ ఉంటది, మట్టి, కంకర, ఎరువు బస్తాలు వెనకాల వేసుకుని తిరిగేవాళ్ళకి అదే నయం. డీలర్ దగ్గర సేల్స్‌మ్యాన్ టోయింగ్ నంబర్ గట్టిగా చెప్తాడు, స్టిక్కర్ సంగతి ఎత్తడు, డోర్ తీసి మీరే చూసుకోండి.

మనోళ్ళ నాలుగెకరాల లెక్క కూడా చెప్తా. చిన్న ట్రాక్టర్ 3,500 పౌండ్లు, ముందు లోడర్ ఇంకో వెయ్యి, గడ్డి కొట్టేది 600, ట్రైలర్ 2,200, మొత్తం 7,300. టెక్సస్‌లో చదును నేల మీద గంటన్నర ప్రయాణం. దీనికి ఇంకా చిన్నదైన ఎఫ్-150లో 3.5 ఎకోబూస్ట్ గ్యాస్ ఇంజన్ కూడా సరైన టోయింగ్ ప్యాకేజ్‌తో హాయిగా సరిపోద్ది. దీనికోసం డీజిల్ కొంటే సరదాకి కొన్నట్టు, సరదాకి కొనుక్కుంటే నేను వద్దనను, డబ్బులు మీవి.

ఇంక డీజిల్‌తో కాపురం ఎలా ఉంటదో. పొగ గొట్టంలో డీపీఎఫ్ అని ఫిల్టర్ ఉంటది, మసి పట్టుకుంటది, నిండాక బాగా వేడెక్కించి కాల్చుకుంటది, దాన్నే రీజెన్ అంటారు. అది సరిగ్గా అవ్వాలంటే హైవే మీద ఓ ఇరవై ముప్పై నిమిషాలు ఆపకుండా పోవాలి. మనలో సగం మంది వర్క్ ఫ్రమ్ హోమ్, బండి బయటకి తీసేది ఇండియన్ స్టోర్‌కి, పిల్లల కూచిపూడి క్లాస్‌కి, రెండు మైళ్ళు పోయి ఆపడం, మళ్ళీ రెండు మైళ్ళు. అలా తిప్పితే రీజెన్ సగంలో ఆగిపోతా ఫిల్టర్ మూసుకుపోద్ది. డీజిల్ పికప్ పాడయ్యేది బరువు లాగి కాదు, ఊరికే పెట్టి.

తర్వాత డెఫ్, పొగలో కాలుష్యం తగ్గించడానికి వాడే ద్రవం. 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్ళు, దీనికి వేరే ట్యాంక్. బాబాయ్‌కి చెప్తే "యూరియా బస్తా ఎక్కడ పోస్తార్రా బండిలో" అని ఒకటే నవ్వు, తర్వాత ఊళ్ళో కొత్త లారీలకి కూడా అదే పోస్తున్నారని తెలిసి ఆపాడు. డెఫ్ అయిపోయినా, దాని సెన్సర్ చెడిపోయినా ట్రక్ వార్నింగ్ ఇచ్చి మెల్లగా స్పీడ్ తగ్గించేస్తది, పాత పద్ధతిలో అయితే చివరికి 5 మైళ్ళ స్పీడ్‌కి దించేసేది. రైతులు, లారీ వాళ్ళు గోల పెట్టాక 2025 ఆగస్టులో ఈపీఏ (ఇక్కడి పర్యావరణ సంస్థ) దీన్ని సడలించమని కంపెనీలకి గైడెన్స్ ఇచ్చింది.

ఆయిల్ మార్చేటప్పుడు పవర్ స్ట్రోక్‌కి 13 క్వార్ట్‌లు (క్వార్ట్ అంటే లీటరుకి కాస్త తక్కువ) పడుద్ది, 7.3 గ్యాస్‌కి 8. ఫ్యూయల్ ఫిల్టర్లు కూడా టైమ్‌కి మార్చాలి. మార్చకపోతే, నీళ్ళు కలిసిన డీజిల్ పడితే, లేదా ఇంట్లో ఇంకొకళ్ళు తెలీక గ్యాస్ కొట్టిస్తే హై ప్రెజర్ పంప్ పోద్ది, ఆ పంప్‌కి డీజిలే లూబ్రికేషన్, పోయిందంటే ఇనప రజను ఇంజెక్టర్ల దాకా పాకుద్ది, బిల్లు పదివేల డాలర్లు దాటినా ఆశ్చర్యం లేదు. డీజిల్ గన్ చాలాచోట్ల పచ్చ రంగే గానీ బీపీ బంకుల్లో గ్యాస్ గన్నే పచ్చగా ఉంటది, రంగు చూసి కాదు రాసింది చూసి పట్టుకోండి. ట్రాక్టర్‌కి పోసే ఎర్ర డీజిల్‌కి రోడ్ ట్యాక్స్ ఉండదు కాబట్టి చవక, పొలంలో డ్రమ్ము ఉంది కదా అని ట్రక్‌లో పోయాలని చేతులు దురదపెడతాయి, పట్టుకుంటే 1,000 డాలర్లు లేదా గ్యాలన్‌కి 10 డాలర్లు, ఏది ఎక్కువైతే అది.

"ఇంత పెద్దది వద్దు, ఇండియాలో లాగా హైలక్స్ డీజిల్ దొరకదా" అని కూడా అడుగుతారు. దొరకదు. యూరప్ వాళ్ళు అమెరికా కోళ్ళ మీద పన్ను వేశారని కోపంతో 1964లో ఇక్కడ బయటి దేశాల లైట్ ట్రక్కుల మీద 25 శాతం పన్ను వేశారు, కోళ్ళ గొడవ ఎప్పుడో పోయింది, పన్ను మాత్రం ఉండిపోయింది. చిన్న సైజులో డీజిల్ కావాలంటే షెవర్లే సిల్వరాడో 1500లో 3.0 లీటర్ డ్యూరామ్యాక్స్ ఉంది, హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్ళకి నిజంగా మంచి మైలేజ్ వస్తది, మధ్యరకం వాళ్ళకి నా ఓటు దానికే. ఫోర్డ్ ఎఫ్-150 డీజిల్, ర్యామ్ 1500 ఎకోడీజిల్ రెండూ ఆపేశారు.

నేను తీసుకుంది ఎఫ్-250, 7.3 గ్యాస్. నాకు కొండలు లేవు, పెద్ద ట్రైలర్ లేదు, ఎరువు బస్తాలు మాత్రం చాలా ఉన్నాయి. బాబాయ్ ఇంకా ఒప్పుకోలేదు.

పాత డీజిల్ కొనేవాళ్ళకి ఒక్క మాట. డిలీట్ చేసిన బండి అని అమ్ముతుంటారు, డీపీఎఫ్, డెఫ్ అన్నీ పీకేసి సాఫ్ట్‌వేర్ మార్చినవి, నడపడానికి భలే ఉంటాయి. టెక్సస్‌లో డీజిల్‌కి ఎమిషన్స్ టెస్ట్ లేదు కాబట్టి ఎవరూ అడగరులే అంటారు, కానీ క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం అది చట్టవిరుద్ధమే, డీలర్ల దగ్గర వారంటీ పని అవ్వదు, రేపు అమ్మబోతే ఇబ్బంది. ఎమిషన్స్ సాఫ్ట్‌వేర్ గొడవలో 2023 డిసెంబర్‌లో ర్యామ్ ట్రక్కులకి డీజిల్ ఇంజన్లు చేసే కమిన్స్ కంపెనీయే 1.675 బిలియన్ డాలర్ల పెనాల్టీకి ఒప్పుకుంది, అంత పెద్ద కంపెనీనే వదల్లేదు. కొనేముందు కింద దూరి పొగ గొట్టం చూడండి, మధ్యలో లావుపాటి డబ్బాలు ఉండాల్సిన చోట ఒకే సైజు గొట్టం సాఫీగా వెనకదాకా పోయిందంటే ఇంక రేటు బేరం కూడా ఆడకుండా వచ్చేయండి.